సీటు కింద గుడ్డముక్క

షెడ్డులోకి వచ్చే ప్రతి పాత బండికీ ఒక తనిఖీ కాగితం ఉండేది. దాని అడుగున నాలుగు గళ్ళు. ఇంజను చూసినవాళ్ళ సంతకానికొకటి, కరెంటు పనికొకటి, బ్రేకులకూ చక్రాలకూ కలిపి ఒకటి, రంగుకొకటి. సీట్లు కుట్టే మనిషికి మాత్రం గడి లేదు. ఆమె అక్కడ ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. ఇరవై ఆరేళ్ళూ అంతే.

అందరూ ఆమెను సీట్లమ్మ అనేవారు. మెట్ల కింద మూలలో ఆమె మిషను, పక్కన అద్దం పగిలితే చెక్క బిగించిన కిటికీ, గోడ మేకులకు వేలాడే అట్ట నమూనాలు. ఆ షెడ్డు అమ్మేవన్నీ పాతకాలపు స్పోర్ట్స్ కార్లు. నేలకు చాప పరిచినంత ఎత్తులో, రెండు సీట్లతో, టాపు తీసేస్తే ఆకాశం కనపడేవి. డబ్బున్నవాళ్ళు ముచ్చటపడి కొనేవారు. డబ్బు లేనివాళ్ళు గేటు దగ్గర నిలబడి చూసి వెళ్ళేవారు.

ఒకసారి షెడ్డు ఓనరు ఒక వెండిరంగు బండిని ఎవరి దగ్గరో కొనబోయాడు. సీట్ల కొలత తీసుకోమంటే సీట్లమ్మ వంగి కార్పెట్ ఎత్తింది. నేల రేకు మీద అడ్డంగా ఒక అతుకు. రెండు ప్రమాదాల్లో నుజ్జయిన రెండు బండ్ల సగాలను తెచ్చి ఒకటిగా అతికారు. ఆమె వెళ్ళి ఇంజన్లు చూసే పెద్ద మేస్త్రికి చూపించింది. పెద్ద మేస్త్రి వెళ్ళి ఓనరుకు చూపించాడు.

"నీవి కళ్ళా, ఎక్స్‌రే మిషన్లా?" అని ఓనరు మేస్త్రి భుజం తట్టాడు. మేస్త్రి ఒకసారి మెట్ల కిందికి చూసి తల తిప్పుకున్నాడు. ఆమె పళ్ళతో దారం తెంపి, సూదిలో కొత్త దారం ఎక్కించుకుంది.

సాయంత్రం అతనే టీ పట్టుకొచ్చాడు. "ఏమీ అనుకోకు. ఆ టైంలో చెప్పడం కుదర్లేదు."

"అనుకోడానికేముంది మేస్త్రీ. టీలో పంచదార ఎక్కువైంది, అంతే."

అలా నవ్వి వదిలేసింది. నోట్లో నాలుక లేక కాదు. ఒక్కతే బతికే మనిషి. చేతిలో ఉన్నది ఈ పనొక్కటే. చెప్పి గెలిచేదేముందిలే అని కడుపులో పెట్టుకుంది. కడుపులో పెట్టుకోవడం అలవాటైపోతే ఏమవుతుందో ఆమెకు అప్పటికి తెలియదు.

ఈ పని నేర్పింది తండ్రి. ఆయనా జీవితమంతా సీట్లే కుట్టాడు. ఆయనకొక పద్ధతి ఉండేది. సీటు మూసి ఆఖరి కుట్టు వేసే ముందు, లోపల ఒక గుడ్డముక్క కుట్టేవాడు. దాని మీద చెరగని పెన్సిలుతో ఆ రోజు తేదీ, మీటరు మీది మైళ్ళు, సీటు కిందా లోపలా తన కంటపడిన లోపాలు రాసేవాడు. "ఈ సీటు మళ్ళీ విప్పేది మనలాంటివాడే. వాడికి ముందే చెప్పి పెట్టడం మర్యాద" అనేవాడు.

తండ్రి పోయిన చాలా ఏళ్ళకు ఒక పాత బండి సీటు విప్పితే ఆమెకు ఆయన చేతిరాతే దొరికింది. 'డ్రైవరు వైపు రెండో స్ప్రింగు నేను మార్చాను. మూడోది నీ వంతు.' ఆ రోజు ఆమె ఏడుస్తూనే నవ్వి, మూడో స్ప్రింగు మార్చింది. ఆ తర్వాత ఎన్ని వందల సీట్లు కుట్టినా గుడ్డముక్క మానలేదు. అయితే తండ్రి ఒకటే నేర్పాడు. తర్వాత కుట్టేవాడికి చెప్పమన్నాడు. కూర్చునేవాడికి చెప్పమని ఆయనా అనలేదు, ఆమెకూ తోచలేదు.

ఆమె రోజూ పొద్దున పనికి వెళ్ళే బస్సును ఇరవై ఏళ్ళు ఒకే డ్రైవరు నడిపాడు. మూడో స్టాపులో ఎక్కి ఆయన వెనక సీట్లో కూర్చునేది. ఒకరోజు ఆఖరి స్టాపులో బస్సు ఆగినప్పుడు, ఆయన సీటు చిరిగి లోపలి పీచు ఆయన వీపుకు గుచ్చుకుంటుండడం గమనించింది. సంచిలోంచి వంపు సూదీ మైనం పట్టించిన దారమూ తీసి, ఆయన నీళ్ళు తాగి వచ్చేలోగా కుట్టేసింది. ఆయన కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఇన్నేళ్ళలో నా వీపు గురించి ఆలోచించిన రెండో మనిషివి చెల్లెమ్మా."

"మొదటి మనిషెవరన్నా?"

"మీ వదిన. కాకపోతే ఆవిడ ఆలోచించేది వీపు విమానం మోత మోగించడం గురించి."

అప్పటినుంచి ఆయన అన్న, ఆమె చెల్లెమ్మ. ఆయన భార్య వదిన. ఆవిడ సీట్లమ్మను ఆడపడుచూ అని పిలిచేది, కనపడినప్పుడల్లా ఆడపడుచుతో ఆడినట్టే సరసాలాడేది.

ఆ బస్సు మీటరు ఎప్పుడో ఆగిపోయింది. "నా పెళ్ళికి ముందే ఆగింది. దీని వయసు నేనడగను, నా వయసు ఇదీ అడగదు" అనేవాడాయన. ఉద్యోగం మొదలుపెట్టిన రోజు నుంచీ ఆయనకు కొత్త బస్సు దక్కలేదు. వేరే డిపోల్లో అరిగిపోయి, ఇక పనికిరాదన్నవే ఆయన చేతికి వచ్చేవి. ఒకరి వీపుకు గుంటపడ్డ సీటులో కూర్చుని, ఇంకొకరి చేతికి నున్నబడ్డ స్టీరింగు తిప్పుతూ జీవితం గడిపేశాడు. కుర్రతనంలో ఒక ఎత్తు రోడ్డు మీద ఆయన బస్సు ఆయాసపడుతుంటే, చిన్న ఎర్ర స్పోర్ట్స్ కారొకటి ఈల వేసినట్టు దాటిపోయిందట. నలభై ఏళ్ళూ ఆ ఈల ఆయన చెవిలోనే ఉండిపోయింది.

రిటైరయ్యాక అలాంటిదే కొంటానన్నాడు. వదిన బుగ్గన వేలేసుకుంది. "యాభైమందిని మోసిన మనిషి. ఇప్పుడు ఇద్దరు పట్టే బండి కొంటాడట. రేపు మా అక్క వస్తే ఎక్కడ కూర్చోబెడతాడు, నా నెత్తినా?"

"అందుకేనే రెండు సీట్లది" అన్నాడాయన.

రిటైరవగానే షెడ్డుకు వారానికి రెండుసార్లు రావడం మొదలుపెట్టాడు. అప్పుడే ఆకుపచ్చ బండి వచ్చింది. మీటరు మీద ఒక లక్షా నలభై రెండు వేల మైళ్ళు. ఇంటింటికీ వెళ్ళి కాన్పులు చేసిన ఒక నర్సమ్మది. పెడళ్ళ రబ్బరు అరిగి నున్నబడింది. ఎక్కిదిగే వైపు సీటు అంచు తోలు పగిలింది. రంగు వెలిసింది. కానీ ఆమె మార్చిన ప్రతి గొట్టం, ప్రతి బేరింగు తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాసి ఉంది. సీట్లమ్మ కార్పెట్ ఎత్తి చూసింది. నేల రేకు పొడిగా, గట్టిగా ఉంది. వేలితో కొడితే మోగింది.

"ఇది నడిచిన బండి అన్నా" అందామె. "రోజూ నడిచేదానికి ఎక్కడ నొప్పి పుట్టినా ఆ రోజే తెలుస్తుంది. ఆ రోజే మందు పడుతుంది. పైన అరిగింది, లోపల అరగలేదు. అరిగినచోట నేను కుట్టిపెడతాగా."

ఆయన తల ఊపాడు. ఇంకో వారంలో తీసుకునేవాడే. ఆ వారంలోనే ఎర్ర బండి వచ్చింది.

అదే కంపెనీ, అదే ఏడాది, అదే నమూనా. మీటరు మీద పంతొమ్మిది వేల నాలుగువందల పన్నెండు మైళ్ళు. ఎవరూ తిప్పిన మీటరు కాదు, అసలుదే. కొన్న మనిషి రెండేళ్ళు నడిపి జబ్బుపడితే, ఇంటి వెనక చెమ్మ గోడ పక్కన టార్పాలిన్ కప్పి ఇరవై రెండేళ్ళు ఉంచేశారు. పెడళ్ళ మీద గీతలు చెరగలేదు. డ్రైవరన్న కిటికీలోంచి ఆ అంకె చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

సీట్ల తోలు ఎండి పెళుసెక్కితే మార్చమని బండిని సీట్లమ్మకు అప్పగించారు. ఆమె సీటు పట్టాల బోల్టులు విప్పబోతే అవి వేలితోనే తిరిగాయి. కార్పెట్ ఎత్తగానే ముక్కుకు బావి వాసన కొట్టింది. స్క్రూడ్రైవరు మొనతో నొక్కింది. తడి అట్టలో దిగినట్టు దిగింది. సీటును పట్టుకోవలసిన నాలుగు చోట్లా రేకు లేదు. రంగు పొర కింద తుప్పుపొడి ఉంది.

పెద్ద మేస్త్రిని పిలిచింది. అతను చూసి పెదవి విరిచాడు. "రేకు కోసి కొత్తది అతకాలి. నెల పని. ఓనరు ఒప్పుకోడు. వెడల్పు వాషర్లు వేసి బిగించెయ్, పట్టుకుంటాయి."

"పట్టుకోవు మేస్త్రీ. నీకూ తెలుసు."

"నా గడి ఇంజనుది. ఇంజను బంగారంలా ఉంది. నన్నెందుకు లాగుతావు?"

ఆమె ఓనరు గదికి వెళ్ళింది. ఇరవై ఆరేళ్ళలో పిలవకుండా ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదటిసారి. ఆయన అంతా విని, కోప్పడలేదు కూడా.

"మీటరు చూశావా?"

"చూశాను. మీటరుకు నడిచిన దూరమే తెలుస్తుందండీ. నిలబడిన కాలం తెలీదు."

"కొనేవాడు అడిగేది దూరమేనమ్మా. నీ పని కుట్టడం. చెప్పడానికి వేరేవాళ్ళకు జీతమిస్తున్నాను. నీకిక్కడ కష్టంగా ఉంటే చెప్పు, ఇంకొకరిని చూసుకుంటాను."

ఆమె మెట్ల కిందికి తిరిగొచ్చి కుట్టింది. కోపమంతా చేతిలోకి దిగిందేమో, అంత చక్కటి కుట్టు ఆమె ఎప్పుడూ వేయలేదు. వాషర్లు వేసి బోల్టులు బిగించింది. మూసేముందు గుడ్డముక్క తీసుకుని, రాయవలసినదంతా రాసి, లోపల కుట్టేసింది. రాశాక మనసు కొంచెం తేలికపడింది. ఆ తేలికే ఆమెను ముంచింది.

నాలుగు గళ్ళలోనూ నాలుగు సంతకాలు పడ్డాయి. ఇంజను బాగుంది, నిజం. లైట్లు బాగున్నాయి, నిజం. బ్రేకులకు కొత్త గొట్టాలు వేశారు, నిజం. రంగు బాగుంది, నిజం. మీటరు కూడా నిజమే చెప్పింది. నేలకు మాత్రం గడి లేదు.

కొనే రోజు డ్రైవరన్న రెండు బండ్ల మధ్య నిలబడ్డాడు. ఇటు చూస్తాడు, అటు చూస్తాడు. ఓనరు జేబుల్లో చేతులు పెట్టుకుని పక్కనే ఉన్నాడు.

"ఏం చెల్లెమ్మా, నీ మాటేంటి?"

"ఆకుపచ్చది ఇంకోసారి నడిపి చూడన్నా."

"లక్షా నలభై వేలు నడిచిందమ్మా అది."

"నడిచింది కాబట్టే అంటున్నా."

ఓనరు దగ్గాడు. ఆమె చూపు నేలమీదికి దిగిపోయింది.

డ్రైవరన్న ఎర్ర బండి తలుపు తెరిచి కూర్చున్నాడు. మెల్లిగా, గుడిలోకి వెళ్ళినట్టు. "నా బతుకంతా ఎవరో అరగదీసిన సీట్లోనే కూర్చున్నాను. ఒక్కసారి ఎవరూ అరగదీయనిదాంట్లో కూర్చోవాలని ఉంది. తప్పా?" అన్నాడు. సీటు అంచు వెంట బొటనవేలు పోనిచ్చి కుట్లు తడిమాడు. "అయినా ఇది నువ్వు కుట్టిన సీటేగా. నీ చెయ్యి పడ్డాక ఇంకా చూసేదేముంది?"

ఆమె వంగి ఆ బండి తలుపు మూసింది.

రేపు వాళ్ళింటికి వెళ్ళి చెబుదామనుకుంది. రేపు కాస్తా ఎల్లుండి అయింది. ఏడో రోజున ఆయనే బండి వేసుకుని షెడ్డు గేటు దగ్గరకొచ్చి హారన్ కొట్టాడు. "ఎక్కు, ఒక చుట్టు తిప్పుతా. ఇరవై ఏళ్ళు నా వెనక కూర్చున్నావు, ఇవాళ పక్కన కూర్చో."

ఎక్కింది. టాపు తీసి ఉంది. ఆయన నెరిసిన జుట్టు గాలికి లేస్తుంటే కుర్రాడిలా నవ్వుతున్నాడు. ఇప్పుడు చెప్పాలి. చెబితే ఆ నవ్వు ఆగిపోతుంది.

"అన్నా, మెల్లిగా నడుపు" అంది.

"నలభై ఏళ్ళు మెల్లిగానే నడిపానే తల్లీ."

వచ్చే నెల సర్వీసుకు తెస్తాడుగా, అప్పుడు తెలిసిన వెల్డరుతో చెప్పి గుట్టుగా రేకు వేయించేద్దాం, ఆయనకు తెలియనే తెలియదు అనుకుంది. గేటు దగ్గర దిగి చెయ్యి ఊపింది.

పదకొండో రోజు మధ్యాహ్నం ఆయన వదినను వాళ్ళ అక్క ఇంటి దగ్గర దించి తిరిగొస్తున్నాడు. నాలుగు రోడ్ల కూడలిలో ఒక సైకిలు అడ్డంగా వచ్చింది. ఆయన బ్రేకు గట్టిగా తొక్కాడు. బ్రేకులు పట్టాయి. సైకిలుకు జానెడు దూరంలో బండి ఆగింది. సీటు ఆగలేదు. పట్టాలతో, బోల్టులతో, వాషర్లతో సహా నేలలోంచి ఊడి ముందుకు వెళ్ళింది. స్టీరింగుకు ఆయన ఛాతీ కొట్టుకుంది. సైకిలు మీద మనిషికి గోరంత గాయం లేదు. నలభై ఏళ్ళలో ఒక్క మనిషికీ తన బండి తగలనివ్వని డ్రైవరు, ఆ రోజు కూడా తగలనివ్వలేదు.

వార్త తెచ్చింది పెద్ద మేస్త్రి. మెట్ల దగ్గర నిలబడి "మీ డ్రైవరన్న పోయాడు" అన్నాడు. ఆమె కాలు మిషను పెడలు మీదే ఉండిపోయింది. ఖాళీ సూది చాలాసేపు గుడ్డను పొడుస్తూనే ఉంది.

నాలుగో రోజు ఆ ఇంటికి వెళ్ళింది. ముందుగదిలో వదిన ఆయన చొక్కాలు మడతపెడుతోంది. బల్ల మీద బండి పుస్తకం, దాని మీద ఆయన కళ్ళజోడు. సీట్లమ్మ గుమ్మం దాటలేదు.

"మేస్త్రి వచ్చి వెళ్ళాడు" అంది వదిన, తలెత్తకుండా. "కింద రేకు లేదట. నీకు తెలుసా?"

"తెలుసు వదినా."

వదిన చేతిలో చొక్కా మడత విప్పింది. మళ్ళీ మడతపెట్టింది. మళ్ళీ విప్పింది.

"బండి ఇంటికి తెచ్చిన రోజు నన్ను పిలిచి ఆ సీటు మీద చెయ్యి వేయించాడు. మా చెల్లెమ్మ కుట్టిందే, దీన్నిక చూసుకోనక్కర్లేదు అన్నాడు." "నేను దిగేటప్పుడు కూడా సీటు దులిపాడు. మాసిపోతుందని."

"వదినా, నేను చెబుదామనే..."

"వెళ్ళమ్మా ఇంక."

ఆడపడుచూ అనలేదు. దారిన పోయే ఎవరినో అన్నట్టు అమ్మా అంది. ఆ పిలుపు ఆమెకు ఇప్పటికీ చెవిలో ఉంది.

షెడ్డులోనే విచారణ జరిగింది. ఓనరు ఫైలు తెరిచి మీటరు ఫోటో, నాలుగు సంతకాలూ చూపించాడు. పంతొమ్మిది వేల మైళ్ళ బండి సార్, కొత్తదానితో సమానం అన్నాడు. సీట్లమ్మ లేచి నిలబడితే అధికారి కాగితం తిప్పి చూశాడు. "మీరెవరు? ఇందులో మీ పేరు లేదే."

"సీటు విప్పండి, ఉంది" అందామె.

సీటు పెరట్లో పడి ఉంది. ఒక్క కుట్టు ఊడలేదు. విప్పడం ఎవరికీ చేతకాక కత్తి ఆమెకే ఇచ్చారు. తన కుట్టు తానే కోసుకుంటూ పోయి గుడ్డముక్క బయటికి తీసింది. అధికారి పైకి చదివాడు. '19,412 మైళ్ళు. బోల్టుల దగ్గర నేల రేకు పుచ్చింది. వాషర్లు వేశాను. నిలవవు. తర్వాత విప్పేవాళ్ళు ముందు రేకు మార్చండి.'

తర్వాత విప్పింది ఆమే.

షెడ్డును ఆరు నెలలు మూయించారు. ఏడో నెల మళ్ళీ తెరిచారు. పెద్ద మేస్త్రి తన గడిలో సంతకాలు పెడుతూనే ఉన్నాడు. ఆమెను మాత్రం రానివ్వలేదు. వేరే షెడ్లలో అడిగితే, నువ్వు అన్నీ బయటపెట్టే మనిషివి, వద్దమ్మా అన్నారు. డ్రైవరన్న వీధిలోవాళ్ళు, అన్నీ తెలిసి నోరు మెదపని మనిషి అన్నారు. రెండూ నిజమే అనుకుంటుందామె. ఇప్పుడు అద్దె గదిలో సంచులు కుడుతోంది. అప్పుడప్పుడు కిటికీ కింద రోడ్డు మీద ఆకుపచ్చ బండి వెళ్తుంది. ఎవరు కొన్నారో ఆమెకు తెలియదు. చప్పుడును బట్టి గుర్తుపడుతుంది. లక్షన్నర మైళ్ళు దాటి ఉంటుంది. మిషను ఆపి, ఆ చప్పుడు మలుపు తిరిగేదాకా వింటుంది.

సెలవు రోజున సంచి భుజాన వేసుకుని షెడ్డు షెడ్డుకూ తిరుగుతోంది. సంచిలో ఒక అర్జీ. బండి మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ తనిఖీ కాగితంలో గడి ఉండాలి, వాళ్ళు రాసింది కొనేవాళ్ళ చేతికి అందాలి, రాసినందుకు ఎవరి పనీ పోకూడదు. ఇంతే అందులో ఉన్నది. ఇప్పటికి రెండువందల పన్నెండు సంతకాలయ్యాయి. పెద్ద మేస్త్రిది లేదు. వదిన ఇంటి తలుపు తట్టే ధైర్యం ఆమెకు ఇంకా రాలేదు.

తప్పు ఆమెది కాదని ఇక్కడ ఎవరూ అనడం లేదు. ఆమే ఒప్పుకోదు. కానీ ఇరవై ఆరేళ్ళు ఒక మనిషి మాటకు చోటివ్వకుండా, ఆఖరి రోజున మాత్రం ఎందుకు చెప్పలేదని అడగడం న్యాయమేనా? అడిగే హక్కు ఓనరుకు లేదు. సంతకాలు పెట్టినవాళ్ళకూ లేదు. ఆ ఇంట్లో చొక్కాలు మడతపెట్టే ఆవిడకు ఒక్కదానికే ఉంది.

కాబట్టి ఇది చదివిన మీరు రెండు పనులు చేయండి. పాత బండి కొనబోతే అంకె చూసి మురిసిపోకండి. ఎంత నడిచిందని అడిగాక, ఎన్నేళ్ళు నిలబడిందని కూడా అడగండి. కార్పెట్ ఎత్తించండి. బోల్టు మీద చెయ్యి పెట్టి చూడండి. మూలన తలవంచుకుని కుడుతున్న మనిషి దగ్గరకు, యజమాని పక్కన లేనప్పుడు వెళ్ళి, మీ కంటికేం కనపడిందని అడగండి. అడిగితే చెబుతారు. అడగరనే చెప్పడం లేదు.

రెండోది, ఆ అర్జీ మీ ఊరి షెడ్డుకూ వస్తుంది. రాకపోతే మీరే రాయండి, నాలుగు మాటలేగా. దాని మీద సంతకం పెట్టండి. ఆ మాటలు గుడ్డముక్క మీద కాదు, కాగితం మీద ఉండాలి. సీటు లోపల కాదు, కూర్చోబోయేవాళ్ళ చేతిలో ఉండాలి.